నేరేడువలస ముద్ర

చేపల సంచీతో స్టాంపుల క్లబ్బులోకి అడుగుపెట్టిన మొదటి మనిషి మన తిరుమలరావే. అలాంటి మనిషి మళ్ళీ ఇంకొకడు రాకుండా చూడు స్వామీ అని అక్కడున్నవాళ్ళంతా ఆ రోజు సింహాచలం కొండవైపు తిరిగి దండం పెట్టుకునే ఉంటారు.

అందులో అతని తప్పేమీ లేదు. ఆదివారం, పైగా వీక్లీ ఆఫ్. "ఒరే, హార్బరుకెల్లి మంచి వంజరం తేరా" అని తల్లి కనకరత్నం పెందుర్తిలో బస్సెక్కించి పంపింది. చేప కొన్నాడు, మురిసిపోయాడు. పాత పోస్టాఫీసు దగ్గరికి వచ్చేసరికి ఆషాఢం వాన కుండపోతగా దిగింది. పరుగెత్తి ఓ పాత మేడ మెట్ల కింద దూరాడు. జల్లు కూడా అతని వెనకాలే దూరింది. ఇక చేసేదిలేక మెట్లెక్కాడు.

పైన పొడవాటి గది. మధ్యలో బల్ల. బల్ల చుట్టూ కొందరు భూతద్దాలు పట్టుకుని, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు నోరెత్తకుండా వంగి చూస్తున్నారు. బల్ల చివర నీలంరంగు స్టాంపు ఒకటి ఒంటరిగా పడుంది. దాని మీద ఓడ. వాన నీటి వెలుగులో ఆ ఓడ నిజంగానే కదులుతున్నట్టుంది. తిరుమల వేలు దానంతటదే ముందుకు వెళ్ళింది.

"చెయ్యి!"

ఆ కేకకి అతను చెయ్యితోపాటు కాలు కూడా వెనక్కి తీశాడు.

ఎదురుగా ఓ అమ్మాయి. పసుపు చుడీదారు, ముక్కు మీద కోపం, ఆ కోపానికి కాస్త పైన రెండు పెద్ద కళ్ళు.

"ముట్టుకోకండి! తడి చేతుల్తో స్టాంపు ముట్టుకుంటారా ఎవరైనా? అసలు... ఏంటా వాసన?"

"వంజరం అండి," తిరుమల నిజాయితీగా చెప్పాడు. "ఫ్రెష్షే."

గదిలో ఎవరో ఫక్కుమన్నారు. బల్ల మొదట్లో కూర్చున్న పెద్దాయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. ఆయన భీమశంకరరావు. పోర్టులో ఓడల్ని లాగే టగ్గు నడిపి రిటైరయ్యాడు, ఈ క్లబ్బుకి ప్రెసిడెంటు. వయసుతో పని లేకుండా ప్రతి మగవాణ్ణీ బావా అని పిలుస్తాడు.

"సంచీ మెట్ల మీద ఎట్టీసి రా బావా. పోటీ మొదలెడతన్నాం. ఓటెయ్యడానికి ఓ మనిషి తగ్గేడు."

"నాకేటి తెల్దండి, వీటి గురించి."

"మాకు మాత్రం ఏటి తెల్సు? కూకో."

ఆ క్లబ్బులో నెలకోసారి పోటీ. పోటీ అంటే కప్పులూ పతకాలూ లేవు. ఒక్కొక్కరు ఒక్కో కాయితం మీద తమకు నచ్చిన స్టాంపులు అమర్చి, కింద పేరు రాసి బల్ల మీద పెడతారు. ప్రతి కాయితం ముందూ ఓ స్టీలు గ్లాసు. ఒక్కొక్కరికి ఒక్క చింతపిక్క. ఎవరి కాయితం నచ్చితే వారి గ్లాసులో వెయ్యాలి. సొంత గ్లాసులో వేసుకోకూడదు. ఎక్కువ పిక్కలు పడ్డవాళ్ళు గెలిచినట్టు.

అసలు తమాషా ఆ తర్వాత ఉంది. అందరికన్నా తక్కువ పిక్కలు పడి ఆఖర్న మిగిలినవాడు గెలిచినవాడి కాయితం మీంచి తనకిష్టమైనదొకటి కోరుకుని పట్టుకెళ్ళిపోవచ్చు. గెలిచినవాళ్ళు కాదనకూడదు. ముఖం కూడా ముడుచుకోకూడదు. దానికి 'ఆఖరోడి హక్కు' అని పేరు.

"గెలిసినోడికి గర్వం రాకూడదు, ఓడినోడు ఒట్టి సేతుల్తో ఎల్లకూడదు," అన్నాడు భీమశంకరరావు. "అందుకని ఎట్టేను బావా."

తిరుమల బల్ల చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు. పక్షుల కాయితం దగ్గర టీచరుగారు కుసుమకుమారి కళ్ళజోడులోంచి ఆశగా చూశారు. రైళ్ళ కాయితం దగ్గర కృష్ణంరాజు మీసం సవరించుకున్నాడు. మూడోది ఓడల కాయితం. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో 'అలేఖ్య' అని ఉంది. చింతపిక్క ఆ గ్లాసులో టంగున పడింది.

పిక్క వేసినవాణ్ణి ఆ అమ్మాయి చూసింది. ఇందాకటి కోపం పోయి, దాని చోట నవ్వులాంటిది ఏదో వచ్చింది. ఆ రోజు గెలిచింది ఆమే. ఆఖరున మిగిలిన కృష్ణంరాజు ఏ మొహమాటమూ లేకుండా ఆ నీలం ఓడనే ఎత్తుకుపోయాడు. "తీసుకోండి రాజుగారూ" అని నవ్వింది గానీ, ఆ నవ్వుకి కళ్ళు తోడు రాలేదు. తిరుమల అది గమనించాడు.

వాన తగ్గలేదు. ఆమె సాసరులో గోరువెచ్చటి నీళ్ళు పోసి అతనికి మొదటి పాఠం చెప్పింది.

"కవరు మీంచి స్టాంపుని ఎప్పుడూ పీక్కూడదు. కవరు ముక్క కత్తిరించి నీళ్ళలో వేసి ఊరుకోవాలి. తొందర పడకూడదు. దాని టైమ్ అది తీసుకుంటుంది. వదలాలనిపించినప్పుడు వదులుతుంది."

ఇద్దరూ సాసరు మీదికి వంగి చూస్తున్నారు. నీళ్ళలో ఎర్ర స్టాంపు. కిటికీ బయట వాన. ఎక్కడో పోర్టులో ఓడ కూత. కాసేపటికి స్టాంపు కాయితాన్ని వదిలి మెల్లగా పైకి తేలింది. తిరుమల గుండె కూడా అచ్చం అలాగే ఎక్కడినుంచో ఊడి పైకి తేలింది. అది మళ్ళీ కిందికి దిగలేదు, ఈ కథ అయ్యేదాకా.

మెట్ల మీది సంచీ సంగతి గుర్తొచ్చేసరికి పిల్లి తన పని ముగించుకుని మూతి తుడుచుకుంటోంది.

"తలకాయుంది. తోకేదిరా?" అంది కనకరత్నం ఇంటికెళ్ళాక.

"స్టాంపుల క్లబ్బులో ఉండిపోయిందమ్మా," అన్నాడు కొడుకు, కళ్ళు తెరిచే కలగంటూ.

ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

*

ఆ తర్వాత ప్రతి పోటీలోనూ ఆఖరివాడు తిరుమలే.

మొదటి కాయితానికి స్టాంపుల్ని ఫెవికాల్‌తో అతికించాడు. కుసుమకుమారి టీచరు గుండె పట్టుకుని కూర్చుండిపోయారు. రెండోసారి 'చేపలు' అని పెట్టాడు. అందులో రెండు తాబేళ్ళు, ఒకటి మొసలి. మూడోసారి స్టాంపుల్ని తలకిందులుగా అమర్చాడు. క్రేన్ మీంచి చూస్తే అలాగే కనిపిస్తాయని వాదించాడు. ఉక్కు ఫ్యాక్టరీలో అతను క్రేన్ ఆపరేటరు మరి.

"మీరు ఓడిపోవాలనే వస్తున్నారా ఏంటి?" అంది అలేఖ్య.

"అలగేం లేదండి. గెలవడం సేతకాక."

ఎప్పుడూ గెలిచేది దాదాపుగా అలేఖ్యే. అంటే ఆఖరోడి హక్కు కింద అతని ఆల్బమ్‌లోకి చేరేవన్నీ ఆమె స్టాంపులే. కానీ ఒక వింత ఏమిటంటే, అతను ఎప్పుడూ కాయితం మూల ఉన్న, ఎవరికీ పట్టని స్టాంపునే కోరుకునేవాడు.

ఓ రోజు బస్టాపుకి నడుస్తూ ఆమె అడిగేసింది. "మంచివి వదిలేసి ఆ మూలదాన్నే ఎందుకు తీసుకుంటారు? జాలా?"

"కాదండి. ఆ రోజు రాజుగారు నీలం ఓడ పట్టుకెల్లిపోయినప్పుడు మీ మొకం సూసేను కదా. మళ్ళీ అలగ సూడ్డం నావల్ల కాదు."

అలేఖ్య రోడ్డువైపు తిరిగింది. బస్సొచ్చింది. ఎక్కలేదు. "రష్‌గా ఉంది," అంది. బస్సులో నలుగురే ఉన్నారు.

అలా వదిలేసిన బస్సుల పుణ్యమా అని వాళ్ళకి మాటలు పెరిగాయి. ఆమె పోర్టు దగ్గర షిప్పింగ్ ఆఫీసులో పనిచేస్తుంది. ఉండేది గాజువాక, అమ్మమ్మ గౌరీశ్వరి దగ్గర. నిజానికి ఆమెకి స్టాంపుల కన్నా వాటి మీద పడే ఊరి ముద్రలంటే ప్రాణం.

"మా అమ్మమ్మది నేరేడువలస. ఉక్కు ఫ్యాక్టరీ వచ్చినప్పుడు ఊరు లేచిపోయింది. ముత్తాత ఆ ఊరి పోస్టుమాస్టరు. వాళ్ళ అరుగే పోస్టాఫీసట. ఊరితో పాటు అదీ పోయింది. ఇప్పుడా పేరు ఎక్కడా లేదు, ఒక్క ముద్రలో తప్ప. ఆ ముద్ర పడిన కవరు కోసం ఎన్నేళ్ళుగా వెతుకుతున్నానో!"

తిరుమల నిలబడిపోయాడు. "నాను రోజూ ఆడే కదండీ డ్యూటీ సేత్తన్నాను!"

"తెలుసు. మీ క్రేన్ మీంచి ఏం కనిపిస్తుంది?"

"ఇనుము. పొగ. దూరంగా సముద్రం."

"నేరేడు చెట్లు?"

"ఎప్పుడూ సూళ్ళేదు. రేపు సూస్తాను."

చూశాడు. క్యాంటీను వెనకాల, ఎవరూ పట్టించుకోని ఓ చెట్టు. టిఫిన్ డబ్బా నిండా పళ్ళు ఏరుకొచ్చి ఇచ్చాడు. మర్నాడు అలేఖ్య ఫోన్. "అమ్మమ్మ డబ్బా ఖాళీ చేసేసింది. మా ఊరి పులుపే అంటోంది. నాలుక చూసుకుని చిన్నపిల్లలా నవ్వుతోంది. థాంక్యూ." ఆ థాంక్యూని తిరుమల షిఫ్టంతా క్రేన్ మీద ఊరేగించాడు.

ఏడాదికోసారి కార్తీకంలో జరిగే పెద్ద పోటీకి ఆమె కాయితం పేరు 'లేని ఊళ్ళు'. రిజర్వాయర్ల కిందికి పోయినవీ, సముద్రం కోసేసినవీ, ఎన్నో ఊళ్ళ ముద్రలు. నట్టనడుమ చోటు మాత్రం ఖాళీ.

"అమ్మమ్మకి చూపు తగ్గిపోతోంది తిరుమలగారూ. బాగా తగ్గకముందే ఒక్కసారి వాళ్ళ ఊరి ముద్ర చూపించాలి. అంతే. పోటీ కూడా నాకు అక్కర్లేదు."

 ఎలాగైనా ఆ ముద్ర తేవాలి అనుకున్నాడు తిరుమల. ఎక్కడినుంచి తెస్తావురా అంటే సమాధానం లేదు.

సమాధానం ఇంట్లోనే ఉంది. "నేరేడులసా? మీ తాత అక్కని ఆ ఊరే ఇచ్చేరు కదరా," అంది కనకరత్నం, అదేదో పక్కవీధి సంగతన్నట్టు.

అటక మీది ట్రంకు దిగింది. పాత పంచాంగాలు, శుభలేఖలు, వాటి అడుగున ఓ ఖాళీ కవరు. దాని మీద పాత పైసల స్టాంపు. స్టాంపు అంచు మీంచి కవరు మీదికి జారి, ఓ నల్లటి గుండ్రటి ముద్ర. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. నేరేడువలస!

తిరుమల ఎగిరి గంతేశాడు. అటక తలకి తగిలింది. అయినా నొప్పి తెలియలేదు.

ఇలాంటి వస్తువు అల్లాటప్పాగా ఇవ్వకూడదు. ఆమె నేర్పినట్టే, ఆమె మెచ్చేటట్టే ఇవ్వాలి. మొదటి పాఠం గుర్తు తెచ్చుకున్నాడు. తొందర పడకూడదు. గోరువెచ్చటి నీళ్ళు పట్టాడు. స్టాంపు చుట్టూ ఉన్న కవరు ముక్క పొందిగ్గా కత్తిరించి నీళ్ళలో వేశాడు. వదిలాక ట్వీజర్‌తో తీసి, ఆరబెట్టి, పుస్తకం కింద బరువు పెట్టాడు. నాని మెత్తబడిన కాయితం ముక్కనీ, మిగిలిన కవరునీ చెత్తబుట్టలో వేశాడు. పొద్దున్నే చెత్తబండి పాట పాడుకుంటూ వచ్చి పట్టుకుపోయింది.

శుభ్రంగా, అందంగా, స్టాంపు తళతళలాడుతోంది. ఇంతకంటే బాగా ఎవడు చెయ్యగలడు అనుకున్నాడు పాపం.

*

"కళ్ళు మూసుకోండి," అన్నాడు క్లబ్బులో.

అలేఖ్య నవ్వుతూ మూసుకుంది. పారదర్శకమైన కవర్లో పెట్టిన స్టాంపుని ఆమె ముందు పెట్టాడు. "ఇప్పుడు తెరవండి. నేరేడువలస!"

ఆమె ముఖం వెలిగింది. భూతద్దం తీసింది. వంగింది. ఆ వెలుగు కొంచెం కొంచెంగా తగ్గడం తిరుమల కళ్ళారా చూశాడు.

"ముద్ర ఏది?"

"అదిగోండి, మూల..."

మూల ఓ నల్లటి వంపు ఉంది. గోరంత. ఊరి పేరు లేదు, తేదీ లేదు.

"మిగతాది? కవరు ఏది తిరుమలగారూ?"

"నానబెట్టీసేనండి. మీరు సెప్పినట్టే. కాయితం పారీసేను."

అలేఖ్య భూతద్దం బల్ల మీద పెట్టేసింది. మాట్లాడినప్పుడు ఆఫీసు తెలుగు ఎటో పోయి అమ్మమ్మ తెలుగు వచ్చింది.

"స్టాంపేటి సేసుకుంటాను నాను? ఇలాంటివి దేశమంతా ఉన్నాయి. నాకు కావలిసింది ముద్ర! ఆ ముద్ర నువ్వు పారీసిన కాయితం మీదుంది. దాన్ని నువ్వు నీళ్ళలో ఏసి... చెత్తలో..."

మాట పూర్తవలేదు. స్టాంపుని అతని వైపు తోసేసి, బ్యాగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు అందరూ చూశారు. 

"ముద్ర బాగుంటే కవరు కవరుగానే ఉంచాల బావా," అన్నాడు భీమశంకరరావు మెల్లిగా. "నీకు ఎవ్వరూ సెప్పలేదా?"

ఎవ్వరూ చెప్పలేదు. చెప్పలేదని ఎవరితో చెప్పుకుంటాడు? పెందుర్తి పరుగెత్తాడు. చెత్తబండివాడు నవ్వాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏముంది!

ఆ నెల పోటీకి తిరుమల వెళ్ళలేదు. ఆ తర్వాతి ఆదివారమూ వెళ్ళలేదు. క్రేన్ మీద కూర్చుంటే కింద ఇనుము కనిపించడం మానేసి, అరుగులూ పెంకుటిళ్ళూ కనిపించసాగాయి. ఆ ఊరు ఒకసారి లేచిపోయింది. రెండోసారి తనే లేపేశాడు అనుకుంటే అన్నం సయించలేదు.

భీమశంకరరావు ఫోన్ చేశాడు. "ఏటి బావా, రావట్లేదు? నువ్వు లేకపోతే ఆఖరోణ్ణి నానైపోతన్నాను. పరువు పోతంది."

"ఏ మొకం ఎట్టుకుని రానండి?"

"ఉన్న మొకమే ఎట్టుకుని రా. ఆ పిల్ల కూడా తలుపుకేసే సూస్తంది, ఎవరైనా మెట్లెక్కితే." ఒక్క క్షణం ఆగి అన్నాడు, "తప్పు సేసినోడు దాక్కుంటే ఆ తప్పు పెద్దదైపోద్ది. ఎవరికి సెప్పుకోవాలో వాళ్ళకి సెప్పుకో."

ఎవరికి చెప్పుకోవాలో తిరుమల రాత్రంతా ఆలోచించాడు. మర్నాడు అలేఖ్య ఆఫీసుకి వెళ్ళే వేళ చూసుకుని గాజువాకలో వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాడు.

పేరు చెప్పగానే అరుగు మీద కూర్చున్న గౌరీశ్వరి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఎవుల్రా? నేరేడుపళ్ళ గుంటడివా?"

అతను అరుగు కింద చతికిలబడ్డాడు. జరిగినదంతా చెప్పాడు. ఏదీ దాచలేదు. "మీ ఊరి ముద్ర నా సేతుల్తో నానే పాడుసేసేసేనండి. మీరు తిట్టాల నన్ను."

"తిడతాన్లే. ముందు అదేటో ఇలగియ్యి."

స్టాంపుని ఎండలోకి పట్టుకుని, భూతద్దం ఆనించి, ఆ నల్లటి వంపుని చాలాసేపు చూసింది. తర్వాత ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని తిరుమల కంగారుపడ్డాడు. ముసలమ్మ నవ్వుతోంది.

"ఓలమ్మా! ఇది నాను కొట్టిందే రా!"

"ఏటండీ?"

"మా అయ్యకి నడుం నొప్పి. ముద్రలన్నీ నాసేతే కొట్టించీవోడు. నాకేమో పీట మీద ఎక్కినా బల్ల అందీది కాదు. ఎంత కొట్టినా సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడీది. సక్కగా కొట్టవే గుంటా అని మొట్టికాయలు. మా అయ్య కొడితే నడిమధ్యన పడీది. ఇలగ మూలకి జారిపోయిందంటే అది నా సెయ్యే." ఆమె ఆ వంపుని గోటితో నిమిరింది, ముట్టుకోకూడదని ఎవరూ ఆమెకి చెప్పలేదు. "నువ్వు పాడుసేసేవని ఏడుత్తన్నావు. ఇది సక్కగా పడుంటే నానెలా పోల్చుకుందును?"

తిరుమలకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాడు.

"పెన్సిలుందేటి?" అంది గౌరీశ్వరి.

*

ఏడాది పోటీ రోజున బంగాళాఖాతంలో వాయుగుండం. పొద్దున్నుంచీ ముసురు. అయినా క్లబ్బు నిండింది.

బల్ల మధ్యలో అలేఖ్య కాయితం 'లేని ఊళ్ళు'. నడుమ చోటు ఖాళీగానే ఉంది. ఆమె ముఖం కూడా అలాగే ఉంది. అమ్మమ్మ పొద్దున్నే "నాను తర్వాత వత్తాన్లే, నువ్వెల్లు" అంటే, ఆ ఖాళీ చూడలేకే అనుకుంది.

ఓట్లు సగం పడ్డాక మెట్ల మీద చప్పుడు. ముందు గొడుగు, దాని వెనకాల గౌరీశ్వరి, ఆమె మోచెయ్యి పట్టుకుని తడిసి ముద్దయిన తిరుమల. చొక్కా లోపలినుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులోంచి ఓ కాయితం తీసి బల్ల చివర పెట్టాడు. అలేఖ్య వైపు చూసే ధైర్యం లేదు.

కాయితం మీద ఒకే ఒక్క స్టాంపు. ఈసారి ఫెవికాల్ లేదు. స్టాంపు మూల నల్లటి వంపు. ఆ వంపు ఆగిపోయిన చోట మొదలై, కాయితం మీద వణుకుతూ చుట్టు తిరిగిన పెన్సిలు గీత. వంకరటింకర సున్నా. లోపల తెలుగులో, ఒకటో తరగతి పిల్ల రాసినట్టు 'నేరేడువలస'. కింద తిరుమల చేతిరాత.

'నీళ్ళలో నానబెట్టి పాడుచేసినవాడు: తిరుమలరావు, పెందుర్తి. అప్పుడు సగం, ఇప్పుడు సగం ముద్ర కొట్టినావిడ: పోస్టుమాస్టరుగారి అమ్మాయి గౌరీశ్వరి, నేరేడువలస.'

"ముద్రలో ఇంగ్లీసు అచ్చరాలుండేవి," అంది గౌరీశ్వరి సంజాయిషీగా. "నాకు రావు. తెలుగులో రాసీసేను. తప్పేటి?"

 కుసుమకుమారి టీచరు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. కృష్ణంరాజు మీసం వణికింది. మొదట టీచరుగారి పిక్క పడింది, టంగుమని. తర్వాత రాజుగారిది. తర్వాత వరసగా.

అలేఖ్య వచ్చి ఆ కాయితం ముందు నిలబడింది. వంకర గీత వెంబడి ఆమె చూపు మెల్లగా చుట్టూ తిరిగి, కింద రాసిన పేరు దగ్గర ఆగింది. తన పిక్క ఆ గ్లాసులో వేసింది.

మిగిలింది తిరుమల పిక్క. నడుమ ఖాళీగా ఉన్న కాయితానికి ఎవరూ వెయ్యక, ఆ రోజు అలేఖ్య గ్లాసులో ఒక్కటీ లేదు. అందరికీ తలా ఒకటో రెండో ఉన్నాయి. మొదటి రోజునుంచీ అతని పిక్క పడేది ఆమె గ్లాసులోనే కదా, ఈసారీ చెయ్యి అటే వెళ్ళింది.

అలేఖ్య అతని కళ్ళలోకి చూసింది. తల కొంచెం, కొంచెమంటే కొంచెమే, అడ్డంగా ఊపింది.

వద్దు.

అతనికి ఏమీ అర్థం కాలేదు. నా పిక్క కూడా అక్కర్లేదా అనుకున్నాడు. అయినా ఆమె వద్దంది, అంతే. చెయ్యి మళ్ళించి పక్షుల గ్లాసులో వేసేశాడు.

భీమశంకరరావు గ్లాసులన్నీ చూసి గొంతు సవరించుకున్నాడు. ఆయన కళ్ళు చిలిపిగా మెరుస్తున్నాయి. "గెలిసింది... మన ఆఖరోడు, తిరుమలరావు. ఆఖర్న మిగిలింది అలేఖ్యమ్మ. ఆఖరోడి హక్కు తెల్సు కదా తల్లీ. గెలిసినోడి కాయితం మీంచి ఏదైనా ఒక్కటి కోరుకో."

ఉన్నది ఒకే స్టాంపు. ఇప్పుడు తెలిసింది తిరుమలకి, ఆమె ఎందుకు వద్దందో. ఊపిరి తేలికైంది. ముద్ర చేరవలసిన చోటికి చేరుతోంది. తన పని అయిపోయింది. ఇక మెట్లు దిగి వెళ్ళిపోయినా ఫర్వాలేదు అనుకున్నాడు, అక్కడినుంచి అంగుళం కదలకుండా.

అలేఖ్య అతనికి ఎదురుగా వచ్చింది. "ఆ రోజు నేను సగం పాఠమే చెప్పాను. ముద్ర చూసుకుని నానబెట్టాలి అన్న మిగతా సగం చెప్పనే లేదు. చెప్పని తప్పు నాది. తిట్టింది మాత్రం నిన్ను."

"పర్లేదండి. తిట్టినప్పుడు కూడా..." అని ఆగిపోయాడు.

"తిట్టినప్పుడు కూడా?"

"బావుంటారండి. అమ్మమ్మగారి భాష వచ్చీసింది."

గదిలో నవ్వులు. అలేఖ్య కూడా నవ్వింది, ఈసారి కళ్ళతో సహా. భీమశంకరరావు ట్వీజర్ అందించాడు. ఆమె తీసుకోలేదు. వట్టి వేలు చాపి కాయితం మీద పెట్టింది. స్టాంపు మీద కాదు. కింద, 'తిరుమలరావు, పెందుర్తి' అన్న పేరు మీద.

"ఇది కావాలి."

వాన చప్పుడు ఒక్కటే వినిపించింది. తిరుమల చెవుల్లో అది కూడా ఆగిపోయింది.

"రూల్లో స్టాంపు అనుందమ్మా," అన్నాడు భీమశంకరరావు, నవ్వు ఆపుకోలేక మీసాల కింద నలిపేస్తూ. "మనిషని లేదు."

"ఇందాక ఏదైనా అన్నారు మీరు. అందరూ విన్నారు."

"మరి స్టాంపో? మీ అమ్మమ్మ ముద్రో?"

"ఓరి మీ రూల్లు కాలా!" గౌరీశ్వరి కుర్చీలోంచి అందుకుంది. "పేరు పట్టుకెల్తే స్టాంపెక్కడికి పోద్ది? ఎనకాలే వత్తాది. ఏరా గుంటడా, బెల్లం కొట్టిన రాయిలా అలగ నిల్సున్నావేటి? గెలిసినోడు కాదనకూడదంట కదా?"

"కాదననండి," అన్నాడు తిరుమల. మాట బయటికి రాలేదనుకుని మళ్ళీ గట్టిగా అన్నాడు. "కాదననండి!"

"మొకం ముడుసుకోకూడదంట."

అతని ముఖం చూసినవాళ్ళెవరికీ ఆ అనుమానం లేదు.

గౌరీశ్వరి చెయ్యి చాపింది. మనవరాలి వేలు ఇంకా కాయితం మీదే ఉంది. తిరుమల అరచెయ్యి తెచ్చి ఆ చేతి మీద పెట్టి, పైన తన పిడికిలితో ఒక్క పోటు పొడిచింది, చిన్నప్పుడు పీటెక్కి కొట్టినట్టు.

"ఈసారి నడిమధ్యన పడ్డాది," అంది తృప్తిగా. "జాగర్త సేసుకో. దీన్ని కూడా తీస్కెల్లి నానబెట్టీగలవు."

"నానబెట్టనండి," అన్నాడు తిరుమల, ఆ చెయ్యి వదలకుండా. "ఒట్టు."